గంగారాం సేటు సినిమా హాలుకు నేను పెట్టిన గాలి

బెల్లంపల్లిల ఒకనాడు నవ్వుల సినిమా ఆడుతుంటే హాలుకు హాలంత కండ్ల నీళ్లు వెట్టుకున్నదంటే మీరు నమ్ముతరా? నమ్మున్రి. గా ఏడుపుకు సినిమా తీసినోడు కారణం గాదు, అండ్ల వేషం కట్టినోళ్లు గాదు. మీ ముంగట కూసొని గీ ముచ్చట చెప్తున్న నేనే. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దోళ్లు ఊకెనే అన్లే. నేను రెండూ ఒక్కనాడే చూడవోయి రెండిట్లనూ పొగ వెట్టిన.

మాది లక్సెట్టిపేట అవతల చిన్న ఊరు. నేను హైదరాబాదుల మెకానికల్ ఇంజనీరింగు పాసై వచ్చిన కొత్తల కరీంనగర్ల బిల్డింగులు గీసే ఆఫీసుల కొలువు దొరికింది. మా ఊళ్లె ఇంజన్ అంటే రెండే. ఒకటి రైలింజన్, ఇంకోటి పొలం కాడి ఆయిలింజన్. నేను గీ రెండిట్ల ఏదీ నడుపనని తెలిసి మా బాపు పరేషాన్ అయిండు.

"యంత్రాల చదువు చదివితివి. ఇండ్లు గీసెటోల్ల కాడ నీకేం పనిరా?"

"ఇల్లు సివిల్ ఇంజనీర్ గీస్తడు బాపు. గా ఇంట్లకు గాలి ఎటుకెల్లి రావాలె, నీళ్లు ఎట్ల మీదికెక్కాలె, పంపు ఎక్కడ పెట్టాలె, గవన్ని నేను గీస్త."

"కిటికీ తెరుస్తే గాలి అదే వస్తది గదరా!"

"పెద్ద పెద్ద హాళ్లకు గట్ల రాదు బాపు. ఫంక పెట్టి గుంజాలె."

బాపు బీడీ రెండు దమ్ములు గుంజి, "అంటే మేస్త్రి కట్టిన గోడకు నువ్వు పోయి బొక్క వెడ్తవు. గంతేనా?" అన్నడు.

అన్ని లావు లావు బుక్కులు చదివినా నా కొలువును గంత సాఫుగ చెప్పుడు నాకు ఎన్నడు రాలే. కానీ అప్పుడు నాకు మా బాపు మీద మస్తు కోపమొచ్చింది. కొత్త ఇంజనీర్‌కు కోపం జల్ది వస్తది, బుద్ధి జర ఆలస్యంగ వస్తది.

ఆఫీసుల చేరంగనే నా చేతిల పడ్డ మొదటి పని బెల్లంపల్లిల సినిమా హాలు. కట్టిస్తున్నది గంగారాం సేటు, కట్టె కోత మిషన్ నడిపే ఆసామి. ఆయన కోరిక ఒక్కటే. "బొగ్గు బాయిల పొద్దంత చెమటలు కార్చి వచ్చినోడు నా హాల్ల కూసుంటే గోదావరి ఒడ్డున కూసున్నట్టుండాలె. ఎండకాలం గూడ సల్లగుండాలె." మా పెద్ద ఇంజనీర్ ఖాదర్ సాబ్ నా భుజం మీద చెయ్యేసి, "మియా, గాలి సంగతి నువ్వు చూసుకో. బెల్లంపల్లి పోయి పొద్దటికెల్లి మాపటిదాక జాగల కూసొని, గాలి ఎటుకెల్లి వస్తదో చూసి రా," అని పంపిండు.

పోయిన. ఎండకాలం, మిట్టమధ్యాన్నం. హాలు గోడలు అప్పుడప్పుడే లేస్తున్నయి. నేను చుట్టుత తిరిగిన. ముంగట సడక్, లారీ పోయినప్పుడల్ల దుమ్ము. ఒక పక్క రైలు డబ్బాలల్ల బొగ్గు నింపే జాగ, నల్లటి పొడి. ఇంకో పక్క సేటు కట్టె కోత మిషన్, రంపపు పొట్టు. ఎన్క పక్క మాత్రం, ఆహా! కంపెనీ క్వార్టర్ల గల్లి. వరుసకు చిన్న చిన్న ఇండ్లు, తలుపులన్ని దగ్గరికేసి ఉన్నయి, ఆడోళ్లు పండుకున్నరు. నీడ, నిమ్మలం. సప్పుడు జేసే కుక్క గూడ లేదు. నా రుమాలు నీళ్లల్ల తడిపి పట్టుకున్న. గాలి వచ్చి దాన్ని మెల్లగ ఊపింది.

ఇంకేం చూడాలె? గాలికి పొద్దటి గుణం ఒకటి, మాపటి గుణం ఒకటి ఉంటదా అనుకున్న. మధ్యాన్నం రైలుకే వాపస్ వచ్చిన.

ఎన్క గోడకు పెద్ద జాలీ. జాలీ ఎన్క నీళ్లు కారే వట్టివేళ్ల తడకలు. తడకల ఎన్క ఎద్దుల బండి గిర్రంత ఫంక. ఫంక గల్లిల గాలిని గుంజి, తడకల మీదికెల్లి సల్లజేసి, హాల్లకు ఇడుస్తది. కాగితం మీద నీలం పెన్సిలుతోని బాణం గుర్తు గీసి పక్కన "మంచి గాలి" అని రాసిన. ఖాదర్ సాబ్ చూసిండు.

"మాపటిదాక ఉన్నవా?"

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ గాలి సాబ్. ఫంక కొలత జర పెద్దగ పెట్టిన."

"గది గాదు మియా, మాపటిదాక..."

"జాలీ గూడ పెద్దగనే పెట్టిన సాబ్."

ఖాదర్ సాబ్ మంచి మనిషి, నమ్మిండు. మంచోళ్లతోని గిదే కష్టం, అడిగింది మళ్ల అడుగరు.

హాలు కట్టుడు నడుస్తుండంగనే నాకు లగ్గం ముచ్చట వచ్చింది. పిల్ల పేరు సరోజన. వాళ్ల బాపు నర్సయ్య బెల్లంపల్లి బొగ్గు బాయిల ఓవర్‌మన్. ఓవర్‌మన్ అంటే బాయి లోపట మందిని పని చేపిచ్చే పెద్దమనిషి, ఆయన ఈల ఊదితే భూమిల ఉన్నోడు గూడ లేసి నిలబడాలె. ధర్మపురి గుడి కాడ పిల్లను చూసినం. నేను నా కొలువు గురించి గొప్పగ చెప్తుంటే సరోజన తల వంచుకొనే, "గాలికి గూడ బొమ్మ గీస్తరా?" అని అడిగింది. నవ్వు ఆపుకుంటున్నదని ఎరుకైంది. గా నవ్వుకే నేను పడిపోయిన. అబద్ధమెందుకు, గుళ్లె నరసింహస్వామికి దండం పెట్టుడు మర్చిపోయి ఆమె దిక్కే చూసుకుంట నిలబడ్డ.

నర్సయ్యకు మాత్రం నా కొలువు మీద గుమాని పోలే.

"బావా," అన్నడు మా బాపుతోని, "పిలగాడు మంచోడే. కానీ వీడు చేసే పనేందో నాకు సమజైత లేదు. బాయిల గాలి అంటే నాకు ఎరుక. ఇంట్ల గాలికి ఇంజనీర్ ఎందుకు? ఒక పని చేద్దం. గంగారాం సేటు హాలు మా క్వార్టర్ ముంగటనే లేస్తున్నది. శురువైన నాడు మొదటాటకు పోయి కూసుంట. సల్లగుంటే పిల్లనిస్త. లేకుంటే మీ తొవ్వ మీది, మా తొవ్వ మాది."

ఇన్నరా? లోకంల పిల్లను ఇచ్చెటోళ్లు పొలం చూస్తరు, గోత్రం చూస్తరు. నాకు మాత్రం హాలు సల్లదనం చూస్తరట. అయినా నాకు ఫికర్ లేదు. సరోజన ఇంటి ముంగటి గోడకే నా జాలీ ఉన్నది, రోజు నీళ్లకు పోతుంటే, వస్తుంటే నన్ను తలుచుకుంటదని లోపల్లోపల ఖుషీ అయిన.

శురువు రోజు వచ్చింది. ఊరు ఊరంత హాలు కాడనే. మధ్యాన్నం నుంచే ఫంక నడిపిచ్చి హాలును సల్లజేసి పెట్టిన. పొద్దు గూకే ముందు ఆట. బాయిల మొదటి షిఫ్టు ఎక్కివచ్చిన మొగోళ్లంత తానాలు చేసి, తెల్లంగిలు తొడుక్కొని వచ్చి కూసున్నరు. ఆడోళ్లు రెండో ఆటకు వస్తమన్నరట, ఇంట్ల వంట ఎవలు చెయ్యాలె మరి? నర్సయ్య నా పక్క కుర్చీల కూసున్నడు. వట్టివేళ్ల వాసనతోని సల్లటి గాలి వచ్చి మొఖానికి తాకుతున్నది. ఆయన కొంచెంసేపటికి మెడల ఉన్న తువ్వాల తీసి చెవులకు చుట్టుకున్నడు.

"ఏం మామా, సలి పెడ్తున్నదా?" అన్న. మామా అనుడు నోట్లకెల్లి అదే వచ్చింది.

"పర్వలేదు పిలగా," అన్నడు. "బాయిల పెద్ద ఫ్యాన్ కాడ ఉన్నట్టున్నది."

ఓవర్‌మన్ నోట్ల గంతకంటె పెద్ద మెప్పు ఉండదు. నేను కండ్లు మూసుకొని పందిరి ఎక్కడ వెయ్యాలె, మేళం ఎవలది తేవాలె అని తలుచుకుంటున్న. సినిమా శురువైంది. తెర మీద ఒక బొద్దు పెండ్లికొడుకు గాడిద మీద ఊరేగుతున్నడు. జనం కడుపులు పట్టుకొని నవ్వుతున్నరు. జరసేపటికి కండ్లు తుడుసుకునుడు శురువు చేసిన్రు.

సేటు చీకట్ల ఒంగి ఒంగి నా కాడికి వచ్చిండు. "ఇంజనీర్ సాబ్, వీళ్లు నవ్వుతున్నరా, ఏడుస్తున్నరా?"

"నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొస్తున్నయి సేటు. మంచి సినిమా తెచ్చినవు."

"మరి దగ్గుతున్నరెందుకు?"

"గట్టిగ నవ్వితే పొలమారదా?"

"నువ్వు నవ్వుతలేవు గదా, నీ కండ్లెందుకు ఎర్రగైనయి?"

"నాకు సంబురమైతే గట్లనే అయితది," అని నేనూ దగ్గిన.

అప్పటికే తెర మీది పెండ్లికొడుకు, గాడిద, మేళగాళ్లు అందరు తెల్లటి మబ్బులల్ల తేలుతున్నరు. ఎన్క బెంచీ మీది ఒకడు, "దేవలోకం సీను వచ్చిందిరో!" అని ఈల ఏసిండు. మూలకు కూసున్న ఒక ముసలాయన లేసి, నారదుడు వస్తడని రెండు చేతులెత్తి దండం పెట్టిండు. గాడిద మీద నారదుడు ఎట్ల వస్తడని ఎవ్వలు అడుగలే. అందరి ముక్కులు, కండ్లు కారుతున్నయి.

గప్పుడు నర్సయ్య తువ్వాల ఇప్పి గాలిని రెండు సార్లు వాసన చూసిండు. ఆయన మొఖం మారిపోయింది.

"బొగ్గు పొగ!" అన్నడు.

"వట్టివేళ్లు మామా, కొత్తయి గద..."

"నాకు చెప్తవారా బొగ్గు వాసన!" అని లేసి కుర్చీ మీదికెక్కి నిలబడ్డడు. జేబుల ఈల ఎప్పటికీ ఉంటదో ఏమో, తీసి గట్టిగ ఊదిండు. "ఎవ్వలు ఉరుకద్దు! అందరు వంగున్రి! ముక్కుకు తడి బట్ట పెట్టున్రి! ముంగటోని భుజం పట్టుకొని నడువున్రి!"

వేరే ఊళ్లె అయితే తొక్కిసలాటైతుండె. గది బెల్లంపల్లి. హాల్ల ఉన్నోళ్లల్ల సగం మంది బొగ్గు బాయోళ్లే. ఈల ఇనంగనే వందల మంది ఒక్కసారి నడుము వంచిన్రు. ఒకని భుజం ఒకడు పట్టుకొని, పొడువు రైలు లెక్క, ఎన్క తలుపు దిక్కు కదిలిన్రు. సేటు నా భుజం పట్టుకున్నడు.

"నా హాలు గదా, నేనెందుకు వంగాలె?"

"వంగు సేటు!" అని నర్సయ్య ఒర్లిండు. సేటు ఒంగిండు. తెర మీద పెండ్లికొడుకు ఒక్కడే గాడిద మీద మిగిలిండు.

నిప్పు లేనిదే పొగ రాదంటరు. నా కథల నిప్పు బయట, పొగ లోపట. ఎన్క తలుపు తీసి గల్లిల పడంగనే చూసిన.

నా జాలీ కింద, గోడ పొడుగూత, బొగ్గుల పొయ్యిలు. పాత బకెట్లకు మన్ను మెత్తి చేసిన పొయ్యిలు, వరుసగ, బంతిల విస్తర్లేసినట్టు. ప్రతి పొయ్యి కాడ ఒక ఆడమనిషి ఇసనకర్రతోని ఇసురుతున్నది. లేసిన పొగ లేసినట్టు మర్యాదగ ఒంగి నా జాలీలకు పోతున్నది.

బొగ్గు ఊళ్లల్ల గిది రోజు జరిగేదే. కంపెనీ బొగ్గు పచ్చిది, ముట్టిచ్చినప్పుడు ఊపిరి ఆడనీయదు. అందుకే మాపటి యాళ్ల అందరు పొయ్యి బయట ముట్టిచ్చి, పొగంత పోయి నిప్పులు ఎర్రగైనంక ఇంట్లకు తీస్కపోతరు. కట్టెల పొయ్యి మీద బువ్వ తిని పెరిగిన నాకు గిది ఎరుక లేదు. ఎరుక చేసుకునే యాళ్లకు నేను రైల్ల కూసొని పల్లీలు తింటున్న.

ఒంగి ఒంగి బయటికొస్తున్న మొగోళ్లను చూసి ఆడోళ్లు ఇసురుడు ఆపిన్రు. "ఓ అవ్వా! అందరు ఏడ్సుకుంట వస్తున్రేందే? సినిమాల ఎవలన్న సచ్చిన్రా?" అన్నది ఒకామె.

అందరికంటె ముంగటి పొయ్యి కాడ ఉన్నది నర్సయ్య పెండ్లాం లచ్చుమమ్మ. ఆమె పక్కన, మొఖానికి మసి అంటుకొని, ఇసనకర్ర పట్టుకొని, సరోజన.

"పొయ్యి ఇక్కడికి ఎవలు తెమ్మన్నరే?" నర్సయ్య ఒర్లిండు.

లచ్చుమమ్మ సంబురంగ చెప్పింది. "ఎవలు తెమ్మనాలె? ఎప్పటి లెక్క దర్వాజ కాడనే ముట్టిచ్చిన. పొగ ఇట్ల లేసింది, ఇట్ల తిరిగింది, గా జాలీలకు గుంజుకపోయింది! కండ్లు మండుత లేవు, దగ్గు లేదు. నేనే అందర్ని పిలిచిన, ఓ పోశక్కా, ఓ రాజక్కా, పొయ్యిలు తీస్కరాన్రే అని. గీ జాలీ ఎవలు వెట్టిచ్చిన్రో గాని, వాని కడుపు సల్లగుండ!"

"గీడే!" అని నర్సయ్య నా రెక్క పట్టి ముంగటికి గుంజిండు. "గీడే వెట్టిచ్చింది! ఊరందర్ని పొగవెట్టి సంపుతుండె! వీనికి నేను పిల్లనియ్య!"

కొలువు పోతే ఇంకోటి దొరుకుతది. సరోజన పోతే? తల ఎత్తి ఆమె దిక్కు చూడనీకి గూడ నాకు మొఖం చెల్లలే. నిజంగ ఏడుపొచ్చింది. అందరి కండ్లల్ల నీళ్లున్నయి కాబట్టి ఎవ్వలకు తెల్వలే.

"ఎందుకియ్యవు?" అన్నది లచ్చుమమ్మ. ఇసనకర్ర కింద పడేసి లేసింది. జనమంత నడుములు సాపుకొని గుండ్రంగ నిలబడ్డరు. అసలు సినిమా గిప్పుడు శురువైంది.

"వానికి గాలి ఎటుకెల్లి వస్తదో తెల్వదే!"

"నీకు తెలుసు గద? రోజు ఇంటికొచ్చి చెప్తవు, బాయిల ఫ్యాన్ బందైతే మనిషి బతుకడు అని. నేను ఈ ఇంటికి కోడలై వచ్చిన నాటికెల్లి మాపు మాపుకు పొగ మింగుతున్న. నా కండ్లు ఎర్రగున్నయని ఏనాడన్న అడిగినవా? నీ బాయోళ్లకు ఫ్యాను, నాకు ఇసనకర్ర! గీ పిలగాడు తెలిసి చేసిండో తెల్వక చేసిండో, ఒక్క మాపు మా గల్లి ఆడోళ్లు ఊపిరి పీల్సుకున్నరు."

"తెల్వకనే చేసిన అత్తా," అన్న నేను. ఎప్పుడు నోరు మూసుకోవాల్నో నాకు అప్పుడు గూడ తెల్వలే.

"ఇన్నవా? అత్తా అని పిలిచిండు, అబద్ధం గూడ చెప్తలేడు," అన్నది ఆమె. గల్లంత గొల్లున నవ్విన్రు.

నర్సయ్య బిడ్డ దిక్కు తిరిగిండు. బాయిల అంత గట్టిగ ఒర్లే మనిషి గొంతు మెత్తగైంది. "బిడ్డా, నువ్వు చెప్పు. నీ బతుకు గిది. గోడకు ఇవతల ఏమున్నదో చూసుకోనోడు వీడు."

సరోజన మసి చేతులు కొంగుకు తుడుసుకున్నది. నా దిక్కు చూడలే, పొయ్యి దిక్కు చూసుకుంట అన్నది. "చూసుకోకుంటే నేను చూపిస్త బాపు. పొయ్యి ఏడ ఉంటదో నాకు ఎరుకనే గద."

నర్సయ్య ఈల జేబుల పెట్టుకున్నడు. సేటు మాత్రం, "మీ లగ్గం సంగతి మంచిగనే ఉన్నది, నా రెండో ఆట సంగతి ఏంది?" అని నెత్తి పట్టుకున్నడు.

రెండో ఆటకు ఫంక బంద్ పెట్టి తలుపులు తెరిచినం. తెల్లారి ఖాదర్ సాబ్ వచ్చి గల్లిల మాపటిదాక కూసున్నడు, నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు. ఒక్క మాట తిట్టలే. తిడితే బాగుండు అనిపిచ్చింది. గాలి తొవ్వను కప్పు మీదికెల్లి తెచ్చేటట్టు మళ్ల గీసినం. కింది జాలీ మూసేద్దమంటే ఆడోళ్లు ఊకోలే, ఇసనకర్రలు పట్టుకొని సేటు ఇంటి మీదికి పోయిన్రు. సేటు భయపడి గా జాలీకి వేరే చిన్న ఫంక, ఒక పొడువు పొగ గొట్టం పెట్టిపిచ్చిండు. ఊళ్లె ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో ఎవ్వలకు యాదికి లేదు గాని, గా గొట్టం మాత్రం మస్తు రోజులు ఆడింది.

లగ్గం ధర్మపురిల అయింది. పందిట్ల పుస్తె నా చేతిల ఉన్నది, మేళం శురువు గావాలె, నర్సయ్య మామ చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు అల్లుడా. ముందుగాల ప్రమాణం."

"ఏం ప్రమాణం మామా?"

"ఇంక గోడకు గాలి తొవ్వ తీసే ముందు ఏం చేస్తవో, నీళ్లు పట్టుకొని చెప్పు," అని చెంబుల గోదావరి నీళ్లు తెచ్చి, పుస్తె పట్టుకున్న నా దోసిట్లనే పోసిండు. పంతులు, "ముహూర్తం దాటుతున్నది నాయనా!" అని మొత్తుకుంటున్నడు. నేను లేసి నిలబడి, అందరు ఇనేటట్టు అన్న. "గోదారి తల్లి సాక్షిగ, నరసింహస్వామి సాక్షిగ, మాపటి పొయ్యిలు ముట్టిచ్చేదాక గల్లిల కూసోకుండ, అక్కడి ఆడోళ్లను అడుగకుండ, ఈ జన్మల ఇంక ఏ గోడకూ గాలి తొవ్వ తియ్య. తీస్తే నా నెత్తి మీద గా పొయ్యిలన్ని బోర్లియ్యున్రి."

నీళ్లు కింద ఇడువబోతుంటే పక్కకెల్లి సరోజన తల వంచుకొనే, నాకొక్కనికే ఇనబడేటట్టు అన్నది.

"మన వంటింటి గోడ తప్ప, అనున్రి. దానికి రేపే గాలి తొవ్వ తియ్యాలె."

అన్న. పుస్తె చేతిల పట్టుకొని ఎవడు కాదంటడు?